పాత కారుకు ఎంత చెప్పాలి?

శ్రోతలకు నమస్కారం.

కారు అమ్మాలనుకోగానే చాలామంది చేసే మొదటి పని బీరువాలోంచి పాత బిల్లు తీయడం. ‘8,20,000 పోశాం, ఐదేళ్లే కదా వాడింది, ఐదున్నరైనా రాదా?’ అంటారు. ఆ బిల్లును తీసిన చోటే పెట్టేయండి. కొనేవాళ్లు చూసేది రెండే: అదే కారు కొత్తది ఇవాళ షోరూంలో ఎంత, మీ కారులాంటి పాతవి ఇవాళ బయట ఎంత. ఇవాళ్టి ధర. ఈ మాట మళ్లీ మళ్లీ వస్తుంది, విసుక్కోకండి.

ఉదాహరణకు ఓ కారు అనుకుందాం. హనుమకొండలో ఉంది. పెట్రోలు బండి, 1,197 సీసీ, పొడవు నాలుగు మీటర్ల లోపు. 2021 జూన్ రిజిస్ట్రేషన్, ఐదో ఏడు నడుస్తోంది. 52,000 కిలోమీటర్లు తిరిగింది. ఒకే ఓనరు, సర్వీసు రికార్డంతా ఉంది.

ఆ 8,20,000లో కారు షోరూం ధర 7,00,000. మిగతాది లైఫ్ ట్యాక్స్, మొదటి బీమా, సీటు కవర్లు, మ్యూజిక్ సిస్టమ్. సీటు కవర్లకు ఎవరూ విడిగా డబ్బివ్వరు. ఇక అదే మోడలు కొత్తది 2025 ఆగస్టులో 8,00,000 ఉందనుకోండి. ఆ సెప్టెంబరు 22న ఇలాంటి చిన్న పెట్రోలు కార్ల మీద పన్ను, సెస్సుతో కలిపి 29 శాతం ఉన్నది 18 శాతానికి దిగింది. ఆ తగ్గింపు మొత్తం కొనేవాళ్లకు అందితే 8,00,000 కారు దాదాపు 7,32,000కు వస్తుంది. అంటే కొత్త కారే 68,000 దిగింది. కొత్తది దిగితే పాతది ఆగుతుందా? అందుకే ఆ తేదీకి ముందు పక్కింటివాళ్లు ఎంతకు అమ్మారన్నది ఇప్పుడు లెక్కలోకి రాదు.

తర్వాత ప్రకటనలు చూడాలి. అదే మోడలు, అదే వేరియంటు, పెట్రోలే, 2020 నుంచి 2022 మధ్యవి, 40,000 నుంచి 65,000 కిలోమీటర్లు తిరిగినవి ఓ పన్నెండు రాసుకోండి. తెలంగాణ బండ్లే చూడండి. విజయవాడ ధర ఇక్కడ అతకదు. బండి రాష్ట్రం దాటితే కొన్నవాళ్లు ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న కాగితం తెచ్చుకుని అక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టాలి, ఆ ఖర్చు మీ ధరలోనే కోస్తారు. పన్నెండింటిలో పైన రెండు, కింద రెండు కొట్టేయండి. మిగిలిన ఎనిమిదీ 4,45,000 నుంచి 4,85,000 మధ్య ఉంటే, నడిమి అంకె 4,65,000.

ఇది అమ్ముడైన ధర కాదు, చెబుతున్న ధర. మన దగ్గర బేరమాడకుండా ఎవరూ కొనరు. అయిదు శాతం తీసేస్తే దాదాపు 4,42,000. పాత కార్ల వ్యాపారి దగ్గరికీ ఓసారి తీసుకెళ్లి చూపించండి. అతను 3,95,000 అన్నాడనుకోండి, కోపం తెచ్చుకోనక్కర్లేదు. బండికి మెరుగులు దిద్దాలి, అమ్ముడయ్యేదాకా పెట్టుకోవాలి, తనకూ లాభం మిగలాలి. ఆ అంకె మీకు అడుగు గీత, అంతే.

బీమా కాగితంలో ఐడీవీ అని ఒకటుంటుంది. నాలుగేళ్లు దాటి ఐదేళ్లలోపు బండికి కొత్త ధరలో సగం కడతారు. అది బండి పోతే బీమా వాళ్లిచ్చే లెక్క, సంత ధర కాదు. దాన్ని పట్టుకుని బేరానికి కూర్చోవద్దు.

ఇప్పుడు మన కారు దగ్గరికే వద్దాం. టైరు పక్క గోడ మీద నాలుగంకెలు చూడండి. 1121 అని ఉంటే 2021లో పదకొండో వారంలో తయారైందని అర్థం. అంటే కారుతో వచ్చిన టైర్లే. ఇన్ని కిలోమీటర్లు తిరిగిన బండ్లకు చాలావాటికి ఈపాటికి మార్చేసి ఉంటారు. టైరుకు 5,000 చొప్పున నాలుగింటికి 20,000 తగ్గించండి. బంపర్ మీద గీతకు పెయింటు 4,000. మొత్తం 24,000 పోతే 4,18,000 మిగులుతుంది. ఇదీ ఈ కారు న్యాయమైన ధర.

గీతకు పెయింటు మీరే వేయించి అమ్మొచ్చు కదా అంటారు. నన్నడిగితే వద్దు. కొత్త పెయింటు కనపడగానే కొనడానికొచ్చిన మెకానిక్ తలుపు రబ్బరు బీడింగ్ లాగి వెల్డింగ్ చుక్కలు చూస్తాడు, బానెట్ బోల్టుల మీద స్పానర్ గుర్తులు వెతుకుతాడు. 4,000 దాచబోతే 40,000 యాక్సిడెంటు అనుమానం అంటుకుంటుంది. గీతను గీతగానే చూపించండి.

నో క్లెయిమ్ బోనస్‌కు, అంటే క్లెయిమ్ చేయనందుకు బీమాలో వచ్చే తగ్గింపుకు మాత్రం ధర కట్టొద్దు. అది కారుది కాదు, మీది. బీమా కంపెనీ నుంచి లెటరు తీసుకుంటే మీ తర్వాతి కారుకు పనికొస్తుంది. పెండింగ్ చలాన్లు మీవే, ముందే కట్టేయండి. లోను తీరినా ఆర్‌సీ మీద బ్యాంకు పేరు అలాగే ఉంటే, ధర ఎంత సరిగ్గా కట్టినా బేరం అక్కడే ఆగుతుంది. బ్యాంకు ఎన్‌ఓసీ, ఫారం 35 ఇచ్చి ఆ పేరు తీయించాకే ప్రకటన వేయండి.

ఇక చెప్పే ధర. న్యాయమైనది 4,18,000 కాబట్టి 4,35,000 చెప్పండి. 4,10,000 దగ్గర ఆగిపోండి. ఈ రెండో అంకెను మొదటి ఫోను రాకముందే కాగితం మీద రాసుకోండి, ఇంట్లో వాళ్లందరికీ చెప్పండి. బేరం మధ్యలో బావగారు ‘నాలుగుకు ఇచ్చేద్దాం లే’ అనకుండా ఉంటుంది. 5,00,000 చెప్పి తర్వాత తగ్గిద్దామనుకోవద్దు. చాలామంది ‘నాలుగున్నర లోపు’ అని పెట్టుకుని వెతుకుతారు, వాళ్లకు మీ కారు కనిపించనే కనిపించదు. ప్రకటన వేసిన రోజే పది ఫోన్లొస్తే తక్కువ చెప్పినట్టు, తొందరపడి అడ్వాన్సు తీసుకోకండి. పది రోజులైనా ఎవరూ చూడ్డానికి రాకపోతే ఓ 10,000 తగ్గించి, ఆ పన్నెండు ప్రకటనల్లో ఏవి ఇంకా ఉన్నాయో, ఏవి పోయాయో మరోసారి చూడండి.

నమస్కారం.