లారీని ఎవరు ఆపారు, ఎక్కడ ఆపారు?

(రోడ్డు భద్రతా మాసం సందర్భంగా సూర్యాపేట జిల్లాలో హైవే పక్క ఊళ్లో జరిగిన న్యాయ విజ్ఞాన సదస్సులో ఒక న్యాయవాది ప్రసంగ పాఠం)

వేదిక మీదున్న జడ్జి గారికి, సీఐ గారికి, మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్ (ఎంవీఐ) గారికి, సర్పంచ్ గారికి, పొద్దున్నుంచి కుర్చీలు మోసిన పారా లీగల్ వాలంటీర్ పిల్లలకు, వెనక టీ కొట్టు దగ్గర నిలబడ్డ లారీ డ్రైవర్ అన్నలకు నమస్కారం. ఎవరి పేరైనా మర్చిపోతే క్షమించాలి. కార్డులో నా అంశం 'మోటారు వాహన ప్రమాదాలు – నష్టపరిహార చట్టాలు' అని వేశారు. నాకిచ్చింది పది నిమిషాలు. చట్టాలన్నీ నావల్ల కాదు, ఒక్క ముక్క చెప్పి కూర్చుంటా.

జిల్లా పేజీలో తరచూ కనబడే వార్త: 'ఆగి ఉన్న లారీని ఢీకొన్న బైక్'. చదవగానే మనమేమనుకుంటాం? లారీ ఆగే ఉంది గదా, దాని తప్పేముంది, కుర్రాడు తాగి ఉంటాడు అనుకుంటాం. స్టేషన్ రైటర్ కూడా మనలాంటి మనిషే. 'అతివేగంగా, అజాగ్రత్తగా నడుపుతూ రోడ్డు పక్కన ఆగి ఉన్న లారీని వెనక నుంచి ఢీకొట్టి' అని రాసేస్తాడు. లారీ రోడ్డు పక్కన లేదయ్యా, రోడ్డు మీదే ఉంది అని చెప్పడానికి పోయినవాడు లేచి రాడు.

నా దగ్గరికొచ్చిన ఒక కేసు చెప్తా. తాపీ మేస్త్రీ, వయసు 32. రాత్రి పని ముగించుకుని బైక్ మీద ఇంటికొస్తున్నాడు. టైరు పేలిన లారీ ఎడమ లేన్‌లోనే నిలబడి ఉంది. వెనక లైట్లు వెలగడం లేదు. రిఫ్లెక్టర్ స్టిక్కర్ ఉంది గానీ, దాని మీదికి టార్పాలిన్ జారి వేలాడుతోంది. హెచ్చరికగా నాలుగు రాళ్లు, ఒక తుమ్మ కొమ్మ పెట్టారు, అవీ లారీకి పది అడుగుల దూరంలోనే. ఎర్ర ట్రయాంగిల్ మాత్రం క్యాబిన్‌లో సీటు కింద, కవర్ కూడా విప్పకుండా భద్రంగా ఉంది. ఎంవీఐ రిపోర్టులో మాత్రం 'యాంత్రిక లోపం వల్ల జరిగిన ప్రమాదం కాదు' అని ఒక్క వాక్యం. వెనక లైటు ఊసే లేదు. ఎంవీఐ గారూ, మిమ్మల్ని అనడం లేదు, అది వేరే జిల్లా.

ప్రమాద పరిహారం తేల్చే ట్రిబ్యునల్‌లో ఇన్సూరెన్స్ వకీలు ఆయన భార్యను ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. "మీ ఆయన వెనక నుంచే గదమ్మా గుద్దింది?" ఆమె "అవునండి" అంది. అబద్ధం చెప్పలేదు గదా. సగం తప్పు మేస్త్రీదే అని తేల్చారు. అప్పీలు హైకోర్టులో ఉంది.

సగమంటే ఎంతో తెలుసా? నెలకు 15 వేలు సంపాదన అనుకోండి. 40 ఏళ్ల లోపు స్వయం ఉపాధి వాళ్లకు భవిష్యత్తు పెరుగుదల కింద 40 శాతం కలపాలని 2017లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. అంటే 21 వేలు. ఆయన మీద ఆధారపడ్డవాళ్లు నలుగురు, భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి. ఆయన సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసేస్తే 15,750. ఏడాదికి 1,89,000. దాన్ని వయసును బట్టి ఒక అంకెతో గుణిస్తారు, మల్టిప్లయర్ అంటారు, ఆ వయసుకి అది 16. మొత్తం 30,24,000 రూపాయలు. 'వెనక నుంచి గుద్దాడు' అన్న ఒక్క మాటకి అందులో 15 లక్షల పైన పోయింది! ఆ తల్లి ఇప్పుడు పత్తి ఏరడానికి పోతోంది.

అట్లాగని చట్టం లేదా అంటే ఉంది. ఇతరులకు ప్రమాదం కలిగేలా బండి వదిలేయకూడదని మోటారు వాహనాల చట్టం 122వ సెక్షన్ చెబుతోంది. లైట్లు లేకుండా రోడ్డు మధ్యలో ఆపిన గ్యాస్ ట్యాంకర్‌ను కారు ఢీకొన్న కేసులో హైకోర్టు పరిహారంలో సగం కోస్తే, 2018లో సుప్రీంకోర్టు ఆ కోత కొట్టేసింది. 2024లో ఇంకో లారీ కేసులోనూ అంతే. నడిపినవాడి తప్పుంటే దాన్ని బండిలో కూర్చున్నవాళ్లకి అంటగట్టొద్దని కూడా చెప్పింది. బైక్ మీద ముగ్గురున్నారని ఇన్సూరెన్స్ వాళ్లు ఎగురుతారు. ముగ్గురు ఉండటం వల్లే ప్రమాదం జరిగిందని చూపించకపోతే అది కూడా చెల్లదని 2020 తీర్పు. ట్రిపుల్ రైడింగ్ చేయమని చెప్పడం లేదు తమ్ముళ్లూ, ముందు వరసలో నవ్వుతున్నారు, మీకే చెప్తున్నా.

డ్రైవర్ అన్నలు మొహం తిప్పుకుంటున్నారు. ఆగండి, నేను మీకు వ్యతిరేకిని కాదు. 2024 జనవరిలో, ప్రమాదం చేసి చెప్పకుండా పారిపోతే పదేళ్ల జైలు అనే కొత్త సెక్షన్ మీద మీరు ట్యాంకర్లు ఆపితే హైదరాబాద్‌లో బంకుల ముందు ఎంత క్యూలో! ఆ ఒక్క క్లాజుని పక్కన పెట్టాకే ఐపీసీ బదులు తెచ్చిన భారతీయ న్యాయ సంహితలో మిగతాది జులై 1న అమల్లోకి వచ్చింది. మీ కోపంలో న్యాయం ఉంది. టెయిల్ లైటు కాలిపోయిందంటే 'వచ్చాక చూద్దాం' అనేది ఓనర్, జైలు టెన్షన్ మీకు. రోజుకు మామూలుగా 8 గంటలే పని చేయించాలని 1961లోనే చట్టం చేశారు, ఎవరు పాటిస్తున్నారు? మీలో ఎవరికైనా డ్యూటీలో ప్రాణం పోతే, తప్పు మీదే అయినా సరే కార్మికుల పరిహారం కింద మీ ఇంటివాళ్లు అడగొచ్చు. అది మొన్నటిదాకా 1923 నాటి చట్టంలో ఉండేది, 2025 నవంబర్ నుంచి సామాజిక భద్రతా కోడ్‌లో ఉంది. క్లీనర్‌కీ అంతే. ఈ మాట ఇంట్లో ఆడవాళ్లకు చెప్పి పెట్టండి.

టైమ్ అయిందని చీటీ వచ్చింది. రెండు నిమిషాలు జడ్జి గారూ.

మార్చురీ దగ్గరే వకాల్తా పట్టుకుని బ్రోకర్ వస్తాడు. తెల్ల కాగితం మీద సంతకం పెట్టొద్దు. మా వృత్తిలో వాళ్లే వాణ్ని పంపుతారు, సిగ్గుపడుతూనే చెప్తున్నా. ఆడవాళ్లకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. 15100కి ఫోన్ చేయండి. కేసు ఆరు నెలల్లోపు వేయాలి. ఆ గడువు మీద సుప్రీంకోర్టులో వాదనలున్నాయి గానీ, ఆ ధీమాతో ఇంట్లో కూర్చోవద్దు. మీ ఊరి పరిధిలోని ట్రిబ్యునల్‌లోనే వేసుకోవచ్చు, ప్రమాదం జరిగిన జిల్లాకు తిరగనక్కర్లేదు.

అన్నిటికన్నా ముందు, లారీని క్రేన్‌తో లాగేయక ముందే ఫోన్‌లో ఫొటోలు తీయండి. రోడ్డు అంచు తెల్ల గీత, లారీ వెనక చక్రం రెండూ ఒకే ఫొటోలో పడాలి. టోల్ ప్లాజా ఫాస్టాగ్ రికార్డు, హైవే హెల్ప్‌లైన్ 1033కి వచ్చిన కాల్స్ భద్రపరచమని స్టేషన్‌లో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. లారీ ఎంతసేపటి నుంచి అక్కడ నిలబడిందో వాటి నుంచి తేల్చొచ్చు.

2022 ఏప్రిల్ నుంచి, ప్రమాదం జరిగిన 48 గంటల్లో పోలీసులు ట్రిబ్యునల్‌కు మొదటి రిపోర్టు పంపాలి, బాధితులకూ కాపీ ఇవ్వాలి. ఇక్కడ ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు, నాకు తెలుసు. ఆ కాపీ అందినవాళ్లు చేతులెత్తండి.

ఒక్కరూ లేరు. సీఐ గారూ, నవ్వకండి, మైకు మీకే ఇస్తున్నా. ప్రమాద స్థలంలో మీరు గీసే రఫ్ స్కెచ్‌లో లారీ వెనక లైటు వెలిగిందా లేదా, ట్రయాంగిల్ ఎన్ని అడుగుల దూరంలో ఉంది అని రాయమని మీ స్టేషన్లకు ఎప్పుడు చెప్తారో వీళ్ల ముందే చెప్పండి.