బోరుకు అడిగే లెక్క దవాఖానలో ఎందుకు అడగం?

శ్రోతలకు నమస్కారం.

నల్లగొండ, పాలమూరు దిక్కు రైతు బోరు వేయించే ముందు ఎంత విచారిస్తాడో మీకు తెలుసు. పక్క చేనులో ఎన్ని ఫీట్లకు నీళ్లు పడ్డాయి, ఎన్ని బోర్లు ఎండిపోయాయి, ఫీటుకు ఎంత, కేసింగ్ ఎన్ని ఫీట్లు దింపాలి, చుక్క పడకపోయినా బండివాడికి ఎంత కట్టాలి, అప్పు ఎవరిస్తారు, మిత్తి ఎంత. ఇవన్నీ అడిగి, అప్పటికీ రెండు రోజులు ఆలోచిస్తాడు. అదే మనిషి దవాఖానలో లక్ష రూపాయల ఆపరేషన్‌కు ఒక్క మాట అడగకుండా సంతకం పెట్టేస్తాడు. ప్రాణం దగ్గర బేరమేంటని సిగ్గుపడతాడు. బేరం ఆడొద్దు. బోరుకు అడిగిన ప్రశ్నలే అక్కడా అడగండి. ఈ వైద్యంతో నాలాంటివాళ్లు వందమందిలో ఎందరికి మేలు జరుగుతుంది, ఎందరికి కీడు? చేయించుకోకపోతే ఏమవుతుంది? ఒక నెల ఆగితే నష్టమా?

అయితే లెక్క వేస్తూ కూర్చోకూడని సందర్భాలు కొన్ని ఉన్నాయి, ముందు అవి చెప్పాలి. మూతి వంకరపోయి, చెయ్యి పడిపోయి, మాట ముద్దగా వస్తే అది పక్షవాతం. గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే సూది మొదటి నాలుగున్నర గంటల్లోపే వేయాలి. ముందు స్కాన్ తీయాలి, దానికే ముప్పావు గంట పోతుంది. గుండెను ఎవరో పిండేస్తున్నట్టు నొప్పి, దాంతోపాటు చెమటలు, పాముకాటు, కాన్పు తర్వాత ఆగని రక్తం, వీటిలో దేనికైనా వెంటనే 108కు ఫోన్ చేయాలి. కుక్క కరిస్తే సబ్బు పెట్టి, ధార కింద 15 నిమిషాలు కడిగి అదే రోజు టీకా మొదలుపెట్టాలి. చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో మొదటి రోజు, తర్వాత 3, 7, 28 రోజులకు వేస్తారు. గాయం లోతుగా ఉంటే గాయం చుట్టూ రేబిస్‌ను వెంటనే అడ్డుకునే సీరం అనే మందు కూడా ఇస్తారు. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక బతికే ఆశ దాదాపు లేదు. అందుకే ఇక్కడ రెండో ఆలోచన అక్కర్లేదు.

ఇక ఆలోచించడానికి టైము ఉన్నవాటి సంగతి. మన ఊళ్లలో అందరూ చేయించుకునేదాంతోనే మొదలుపెడదాం. జ్వరం వస్తే బాటిల్ ఎక్కించుకోవడం.

అరలీటరు డెక్స్‌ట్రోజ్ సీసాలో ఉండేది 25 గ్రాముల గ్లూకోజ్. అంటే ఐదారు చెంచాల చక్కెర. నార్మల్ సెలైన్ అరలీటరులో నాలుగున్నర గ్రాముల ఉప్పు, చెంచాకు కొంచెం తక్కువే. వాంతులు లేకుండా నోటితో తాగగలిగే మనిషికి ఈ నీళ్లు నరం గుండా పోయినా, గొంతు గుండా పోయినా ఒంటికి పెద్ద తేడా లేదు. మరి ఎక్కించుకున్న గంటకు లేచి కూర్చుంటారెందుకు? చాలాసార్లు ఆ సీసాలోకో, పక్కన నడుముకో నొప్పి సూది, స్టెరాయిడ్ సూది కలిపి ఉంటారు. జ్వరం దిగుతుంది, ఒళ్లు తేలికవుతుంది, పేరు సెలైన్‌కు వస్తుంది. కీడు వైపు చూస్తే నరం వాచడం, సూది వేసిన చోట చీముగడ్డ, సూది శుభ్రంగా లేకపోతే కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ బి. గుండె, కిడ్నీ బలహీనంగా ఉన్న ముసలివాళ్లకు నీరు ఎక్కువై ఆయాసం. అదే పని చేసే ఓఆర్ఎస్ పొడి 20.5 గ్రాముల ప్యాకెట్ లీటరు నీళ్లకు వస్తుంది, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, ఆశా దగ్గర ఉచితం. ప్యాకెట్ మొత్తం ఒకేసారి సరిగ్గా లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో కలపాలి. సగం ప్యాకెట్ గ్లాసులో కలిపితే ఉప్పు ఎక్కువై పిల్లలకు ప్రమాదం. కలిపింది 24 గంటలు దాటితే పారబోయాలి.

వాంతులు ఆగక ఏదీ కడుపులో నిలవకపోతే, కళ్లు లోతుకు పోయి మూత్రం తగ్గిపోతే, మనిషి మత్తుగా పడి ఉంటే, అప్పుడు బాటిల్ నిజంగానే ప్రాణం నిలుపుతుంది. అయితే దాన్ని నర్సు, డాక్టరు కళ్లెదుట ఎక్కించాలి, ఇంట్లో దూలానికి కట్టి కాదు.

డెంగ్యూ కాలంలో ఇదే గందరగోళం ప్లేట్‌లెట్ల మీదికి, అంటే రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే కణాల మీదికి మళ్లుతుంది. మామూలుగా లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల మధ్య ఉంటాయి. డెంగ్యూలో 60 వేలకు, 40 వేలకు పడిపోవడం చాలామందిలో జరుగుతుంది, వాటంతటవే లేస్తాయి. రక్తస్రావం లేని మనిషికి సాధారణంగా 10 వేల లోపుకు పడితేనే ఎక్కించే ఆలోచన చేస్తారు. ఎక్కించినవి ఎక్కువ రోజులు నిలవవు, కొందరికి ఒళ్లు వణకడం, దద్దుర్లు, ఊపిరి ఆడకపోవడం కూడా రావచ్చు. అసలు ప్రమాదం రక్తనాళాల నుంచి నీరు బయటికి జారిపోవడం. అది జ్వరం తగ్గుతున్న మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య జరుగుతుంది, జ్వరం దిగిందని ఇంటిల్లిపాది ఊపిరి పీల్చుకునే సమయంలోనే. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, చేతులు కాళ్లు చల్లబడటం, మూత్రం తగ్గడం, వీటిలో ఏదున్నా పెద్ద దవాఖానకు పోవాలి. జ్వరానికి పారాసిటమాల్ ఒక్కటే. డైక్లోఫెనాక్ సూది, ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ వద్దు, రక్తస్రావం పెంచుతాయి.

ఇప్పుడు ఆడవాళ్ల సంగతి. దీని మీద కొంచెం ఎక్కువసేపే మాట్లాడాలి. తెల్లబట్ట అవుతుందని, నెలసరిలో ఎక్కువ పోతుందని, నడుము లాగుతుందని దవాఖానకు పోతే స్కానింగ్ తీసి, గర్భసంచి వాచింది, చిన్న గడ్డ ఉంది, ఉంచితే క్యాన్సర్ అవుతుంది, తీసేద్దాం అంటారు. 30 ఏళ్లకే తీయించుకున్నవాళ్లు మన మండలాల్లో ఉన్నారు. అవసరం లేని గర్భసంచి ఆపరేషన్లను అరికట్టే మార్గదర్శకాలను అన్ని రాష్ట్రాలూ అమలు చేయాలని 2023లో సుప్రీంకోర్టు ఆదేశించేదాకా వచ్చిందంటే విషయం ఎంత ముదిరిందో అర్థం చేసుకోండి.

తెల్లబట్ట ఎక్కువసార్లు ఇన్ఫెక్షన్ వల్లే. రకం చూసి వారం పది రోజుల గోలీలతో తగ్గుతుంది, కొన్ని రకాలకు భర్తకూ వాడాలి. లేకపోతే మళ్లీ వస్తుంది, మళ్లీ వచ్చిందని ఆపరేషన్ అంటారు. గర్భసంచిలో పెరిగే ఫైబ్రాయిడ్ గడ్డ క్యాన్సర్‌గా మారడం చాలా అరుదు, ముట్లు ఆగాక అదే కుంచించుకుపోతుంది. రక్తం ఎక్కువ పోతుంటే ముందు హిమోగ్లోబిన్, థైరాయిడ్ చూడాలి. నెలసరి మూడు నాలుగు రోజులు మాత్రమే వాడే, రక్తం తగ్గించే ట్రానెక్సామిక్ ఆసిడ్ గోలీలు ఉన్నాయి, రక్తం గడ్డకట్టే జబ్బు ఉన్నవాళ్లకు మాత్రం అవి పనికిరావు. హార్మోన్ గోలీలు ఉన్నాయి, గర్భసంచిలో పెట్టే, హార్మోన్ విడుదల చేసే లూప్ ఉంది, ఒకసారి వేస్తే ఐదేళ్లు పనిచేస్తుంది. వయసు 40, 45 దాటినవాళ్లకు లోపలి పొర ముక్క తీసి పరీక్ష చేయాలి. ఆ పరీక్ష చేయకుండా క్యాన్సర్ పేరు ఎత్తితే ఆ భయానికి ఆధారం ఏమిటని అడగండి.

తీయించుకుంటే పోయేదేమిటి? గర్భసంచితోపాటు రెండు అండాశయాలూ తీశారా లేదా అన్నది ముఖ్యం. ముట్లు ఆగే వయసుకు ముందే అండాశయాలు పోతే ఒళ్లంతా ఆవిర్లు, నిద్ర లేకపోవడం, ఎముకలు త్వరగా గుల్లబారడం, గుండెజబ్బు ముప్పు పెరగడం. ఆపరేషన్ తర్వాత ఆరు నుంచి ఎనిమిది వారాలు బరువు ఎత్తకూడదు. రోజు కూలి 400 అనుకుంటే 45 రోజులకు 18 వేలు. ఇది బిల్లులో కనిపించదు. క్యాన్సర్ తేలినా, గర్భసంచి బయటికి జారినా, మందులన్నీ వాడినా రక్తం ఆగక హిమోగ్లోబిన్ పడిపోతున్నా ఆపరేషన్ సరైనదే, అప్పుడు వెనకాడొద్దు. ముట్లు ఆగి ఏడాది దాటాక మళ్లీ రక్తం కనిపిస్తే మాత్రం, చుక్కయినా సరే, ఆ వారమే చూపించుకోవాలి. ఇది చాలామంది సిగ్గుతో దాచే లక్షణం.

గుండెకు స్టెంట్, అంటే మూసుకున్న రక్తనాళాన్ని తెరిచి ఉంచే చిన్న జాలీ గొట్టం, సంగతి క్లుప్తంగా. గుండెపోటు నడుస్తుండగా మూసుకున్న నాళం తెరిచి స్టెంట్ వేస్తే ప్రాణం నిలుస్తుంది, ఇందులో అనుమానం లేదు. మెట్లెక్కినప్పుడు నొప్పి వచ్చి, నిలబడితే తగ్గే మనిషికి గుండె నాళాలను చూసే యాంజియోగ్రామ్ పరీక్షలో 80 శాతం బ్లాక్ కనిపించింది అనుకోండి, అది వేరే కథ. 2007లో, మళ్లీ 2020లో వెలువడిన పెద్ద అధ్యయనాల్లో ఇలాంటివారికి మందులు సరిగ్గా వాడటంతో పోలిస్తే స్టెంట్ మరణాలను తగ్గించలేదు. నొప్పిని తగ్గిస్తుంది, అది చిన్న మేలేమీ కాదు. అయితే నొప్పి కోసం వేయించుకుంటున్నామా, ప్రాణం కోసమా అన్నది తెలిసి వేయించుకోవాలి. ఎడమ ప్రధాన నాళంలో అడ్డు ఉన్నా, గుండె పంపింగ్ బాగా తగ్గినా లెక్క మారుతుంది. వేయించుకున్నాక రక్తం పలుచబరిచే రెండు రకాల గోలీలు నెలల తరబడి, గుండెపోటు వచ్చినవాళ్లయితే సాధారణంగా ఏడాదిపాటు వాడాలి. పైసలు లేవని మధ్యలో ఆపితే స్టెంట్‌లోనే గడ్డ కట్టే ప్రమాదం ఉంది. మందు పూత ఉన్న స్టెంట్ ధరకు ప్రభుత్వం 2017 ఫిబ్రవరిలో రూ.29,600 పరిమితి పెట్టింది, ఆ తర్వాత సవరిస్తూ వస్తోంది. బిల్లులో స్టెంట్ ధర, కంపెనీ, బ్యాచ్ నంబరు విడిగా రాయాలి. రాయకపోతే అడగండి.

మోకాలు పూర్తిగా అరిగిపోయి రాత్రి నిద్ర పట్టనివారికి కీలు మార్పిడి మంచి ఆపరేషనే. పదిలో ఎనిమిది కీళ్లు పాతికేళ్లు నిలుస్తున్నాయి. అయినా ఐదుగురిలో ఒకరికి ఎంతో కొంత నొప్పి మిగులుతుంది, వందలో ఒకరిద్దరికి కీలులో చీము పడుతుంది. పైగా మనవాళ్లకు వేరే లెక్క ఉంది. ఆపరేషన్ తర్వాత గొంతుకూర్చోవడం కుదరదు. కలుపు తీసే మనిషికి, నాటు వేసే మనిషికి, ఇంట్లో నేల మరుగుదొడ్డి ఉన్న మనిషికి ఇది ముందే చెప్పాలి. నల్లగొండ జిల్లా మర్రిగూడ, నాంపల్లి వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగినవారికి నడుము, కీళ్లు బిగుసుకుంటే ముంజేయి ఎక్స్‌రే తీయమనండి. రెండు ఎముకల మధ్య పొర గట్టిపడి కనిపిస్తే అది ఫ్లోరోసిస్. దాన్ని కరిగించే మందు లేదు కాబట్టి ఆ పేరుతో ఎవరు సూదుల కోర్సు అమ్మినా పైసలు దండగ. వెన్నుపూస నరాలను నొక్కి కాళ్లలో బలం తగ్గుతుంటే మాత్రం సర్జన్‌ను కలవాలి.

వెన్ను ప్రస్తావన వచ్చింది కాబట్టి వెన్నునొప్పి గురించి ఒక మాట. ఏ నొప్పీ లేని 40 ఏళ్లవారికి ఎంఆర్ఐ తీసినా సగం మందిలో డిస్క్, అంటే వెన్నుపూసల మధ్య ఉండే మెత్త, ఉబ్బినట్టు కనిపిస్తుంది. స్కాన్‌లో కనిపించిందల్లా నొప్పికి కారణం కాదు.

ఇక అంకెలు చెప్పే తీరు. ఈ మందుతో ముప్పు సగం తగ్గుతుంది అంటే ఆగి, దేంట్లో సగం అని అడగండి. వందలో 40 మందికి వచ్చే జబ్బు 20కి తగ్గినా సగమే, ఇద్దరికి వచ్చేది ఒకరికి తగ్గినా సగమే. మొదటిదానికి అప్పు చేయొచ్చు, రెండోదానికి ఆలోచించాలి. బీపీ గోలీ సంగతే చూడండి. పై అంకె పది తగ్గితే పక్షవాతం ముప్పు పావు వంతుకు పైగా తగ్గుతుంది. పదేళ్లలో వందలో ఎనిమిది మందికి పక్షవాతం వచ్చేలా ఉంటే అది ఆరుకు దిగుతుందన్నమాట. ఇద్దరే కదా అనిపిస్తుంది. కానీ ప్రభుత్వ దవాఖానలో ఆ గోలీ ఉచితం, బయట జనరిక్ దుకాణంలో అయినా ఆమ్లోడిపిన్ పది గోలీలకు ఒక చాయ్ పైసలే. ఐదు వందలు పెట్టి బాటిల్ ఎక్కించుకున్న మనిషే తల తిరగడం లేదని బీపీ గోలీ ఆపేస్తాడు. ఇంత తలకిందుల లెక్క మరే పంటలోనూ వేయడు.

ఖర్చు రాసేటప్పుడు దవాఖాన బిల్లు ఒక్కటే రాయకండి. హైదరాబాద్ నల్లగొండ నుంచీ, మహబూబ్‌నగర్ నుంచీ దాదాపు వంద కిలోమీటర్లు. వెంట ఒక మనిషి, ఇద్దరి కూలి, రానుపోను బండి, తిండి, తర్వాత నాలుగైదు సార్లు చూపించుకోవడం. 80 వేలు రెండు రూపాయల మిత్తికి తెస్తే నెలకు 1,600, మూడేళ్లు తీర్చకపోతే మిత్తే 57,600. ఆహార భద్రత కార్డు ఉన్నవారికి ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్ నుంచి 10 లక్షలు. అప్పు కోసం తిరగకముందే దవాఖానలో ఈ పథకం పనులు చూసే ఆరోగ్యమిత్రను కలిసి మీ జబ్బు జాబితాలో ఉందా, అనుమతికి ఎన్ని రోజులు పడుతుందని అడగండి. అత్యవసరం కాని ఆపరేషన్‌కు ముందు అనుమతి రావాలి. మీరే కట్టి చేయించుకున్నాక తిరిగి వస్తుందనుకోకండి.

రెండో అభిప్రాయం అంటే మొదటి డాక్టరును అవమానించడం అనుకోవద్దు, మంచి డాక్టరు ఏమీ అనుకోరు. నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తిలో ప్రభుత్వ వైద్య కళాశాలల దవాఖానలున్నాయి, బీబీనగర్‌లో ఎయిమ్స్ ఉంది. పోయేటప్పుడు రక్తపరీక్షల కాగితాలు, స్కాన్ ఫిల్ములు, వాడుతున్న గోలీల అట్టలు అన్నీ ఒకే సంచిలో పెట్టుకోండి. ఫిల్మ్ లేకుండా రిపోర్టు కాగితం మాత్రమే తీసుకుపోతే మళ్లీ స్కాన్ తీయిస్తారు, మళ్లీ ఖర్చు. రికార్డులు ఇవ్వమని రాతపూర్వకంగా అడిగితే 72 గంటల్లో ఇవ్వాలన్న నిబంధన 2002 నుంచి ఉంది. కాగితం మీద అడగండి, దాని నకలు మీ దగ్గర ఉంచుకోండి.

నమస్కారం.