మా పాపకి మొదటి ఎయిర్ రైఫిల్: కొనే ముందు మేం ఏమేం చూశామంటే

హాయ్ అండీ, అందరూ బాగున్నారా? పోయిన వీడియోలో మా పాప టార్గెట్ పేపర్ పట్టుకుని నిలబడ్డ చిన్న క్లిప్ ఒకటి పెట్టాను కదా, మిగతా వీడియో అంతా వదిలేసి అందరూ దాని గురించే అడుగుతున్నారు. ఆ గన్ ఏ కంపెనీది, ఎంత పడింది, మా బాబుకి కూడా కొందామనుకుంటున్నాం లింక్ పెట్టండి అని. లింక్ లేదండీ, ఎందుకంటే మేం ఇంకా కొనలేదు. అది క్లబ్ వాళ్ళ రైఫిల్. మీరు కూడా ఇప్పుడే కొనకండి, ముందు పిల్లలతో నాలుగైదు రకాలు పట్టించి చూడండి అని చెప్పడానికే ఈ వీడియో.

పాపకి 11 నిండి 12 నడుస్తోంది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మను భాకర్ రెండు కాంస్యాలు గెలిచినప్పటి నుంచి నాకూ నేర్పించండి అని ఒకటే గొడవ. ఆమెది పిస్టల్ కదా, మరి రైఫిల్ ఎందుకు అంటే, ఇక్కడ పిల్లల ప్రోగ్రాముల్లో చాలావరకు రైఫిల్‌తోనే మొదలుపెడతారు. రెండు చేతులు, భుజం, చెంప అన్నీ దానికి ఆనుకుని ఉంటాయి, అది ఎటు తిరిగి ఉందో వెనకాల నిలబడ్డ కోచ్‌కి దూరం నుంచే కనిపిస్తుంది. పిస్టల్ అయితే పిల్లలు పిలవగానే ఇటు తిరిగి "ఏంటమ్మా" అన్నారంటే చెయ్యి కూడా ఇటే తిరుగుతుంది. ఆ మాట విన్నాక నేను ఇంక వాదించలేదు.

మేం ఉండేది ఒహాయోలో, కొలంబస్ దగ్గర. ఇక్కణ్ణుంచి పైకి రెండు గంటలు డ్రైవ్ చేస్తే ఈరీ సరస్సు ఒడ్డున, పోర్ట్ క్లింటన్ పక్కన క్యాంప్ పెర్రీ వస్తుంది. అక్కడ సివిలియన్ మార్క్స్‌మన్‌షిప్ ప్రోగ్రామ్ అని మామూలు జనానికి గురి నేర్పే సంస్థ వాళ్ళ ఇండోర్ రేంజ్ ఉంది, అందరూ సీఎంపీ అనే అంటారు. 1964లో టోక్యోలో, 1968లో మెక్సికో సిటీలో రైఫిల్‌లో బంగారం గెలిచిన గ్యారీ ఆండర్సన్ పేరు పెట్టారు దానికి. ఎంత పెద్ద హాలంటే 80 మంది పక్కపక్కన నిలబడి 10 మీటర్ల దూరానికి ఒకేసారి కాల్చొచ్చు, కాల్చిన వెంటనే ఎక్కడ తగిలిందో పక్కనున్న స్క్రీన్ మీద పడుతుంది. మామూలు జనానికి తెరిచే సాయంత్రాలు ఉంటాయి, రైఫిళ్ళు అద్దెకిస్తారు, టైమింగ్స్ మాత్రం వెళ్ళే ముందు వాళ్ళ వెబ్‌సైట్‌లో చూసుకోండి. అంత దూరం వద్దనుకుంటే మీ కౌంటీలో 4-హెచ్ (ఇక్కడ పిల్లలకి రకరకాలవి నేర్పే సంస్థ) వాళ్ళ షూటింగ్ స్పోర్ట్స్ క్లబ్ ఉందేమో కనుక్కోండి. మా పాప ఇప్పుడు వెళ్తున్నది అలాంటి దానికే.

రేంజ్‌లో నాకు మొదట అర్థమైంది ఏంటంటే రైఫిల్ అనేది పాదం సైజు చూసి చెప్పులు కొన్నట్టు పిల్ల ఒంటికి సరిపడేలా చూసుకోవాల్సిన వస్తువు. మోచెయ్యి వంచి, వెనక చివర మోచేతి మడతలో పెడితే చూపుడు వేలు హాయిగా ట్రిగ్గర్‌కి అందాలి. అందకపోతే పిల్ల వెనక్కి వాలి, మెడ సాగదీసి చూస్తుంది, ఆ అలవాటు ఒకసారి పడితే మాన్పించడం చాలా కష్టమట. పెద్దవాళ్ళ రైఫిల్ కొనేస్తే రెండేళ్ళలో పెరిగి సరిపోతుందిలే అనే మన స్కూల్ యూనిఫామ్ లెక్క ఇక్కడ కుదరదు. బరువు కూడా అంతే. డైసీ 853 అని ఇక్కడ క్లబ్బుల్లో తరచుగా కనిపించే రైఫిల్ ఉంది, ఐదున్నర పౌండ్లు, అంటే రెండున్నర కిలోలు. పడుకుని కాలిస్తే ఆ బరువు తెలియదు, నిల్చుని కాల్చేసరికి పది షాట్లకే చేతులు వణుకుతాయి. అందుకే కొత్త పిల్లల్ని ముందు పడుకోబెట్టి కాల్పిస్తారు.

ఇంకోటి, దీని గురించి నాకు అసలు తెలియదు, ఏ కన్ను బలమైంది అనేది. రెండు చేతులతో చిన్న త్రికోణంలా పెట్టి దూరంగా ఉన్న గడియారాన్ని అందులోంచి చూడమంటారు, తర్వాత ఒక్కో కన్ను మూయమంటారు, ఏ కన్ను తెరిచి ఉన్నప్పుడు గడియారం అందులోనే ఉంటుందో అదే ముఖ్యమైన కన్ను. మా పాప రాసేది, తినేది కుడిచేత్తోనే, కన్ను మాత్రం ఎడమది! కోచ్ వెంటనే ఎడమ భుజానికి మార్చేశారు. ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టి ఉంటే ఇది మాకు తెలిసేదే కాదు.

ఇక పవర్ సంగతి. మా ఆయన పెద్ద స్టోర్‌కి వెళ్ళి డబ్బాల మీద 1200 ఎఫ్‌పీఎస్, 1300 ఎఫ్‌పీఎస్ అని రాసినవి ఫొటోలు తీసి పంపుతూ ఉండేవారు, సెకనుకి అన్ని అడుగుల వేగం అన్నమాట. ఒలింపిక్స్‌లో వాడే 10 మీటర్ల రైఫిళ్ళ వేగం 600 కూడా ఉండదండీ. 2012 లండన్‌లో మన హైదరాబాద్ గగన్ నారంగ్ కాంస్యం గెలిచిన ఈవెంట్ ఇదే, ఆ టార్గెట్ మధ్యలో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు ఉంటుంది. దాన్ని కొట్టడానికి కావాల్సింది వేగం కాదు, ప్రతి షాట్ ఒకేలా రావడం. డబ్బా మీద పెద్ద అంకె చాలావరకు బాగా తేలికపాటి పెల్లెట్ (అంటే ఇందులో వేసే చిన్న గుండు) వేసి తీసింది, పైగా శబ్దవేగం దాటితే పెల్లెట్ గురి చెదురుతుంది.

రకాల విషయానికొస్తే, గొట్టం కిందికి వంచి కాక్ చేసే, అంటే షాట్‌కి సిద్ధం చేసే స్ప్రింగ్ గన్నులు మనందరికీ తెలిసినవే, తిరునాళ్ళలో, నుమాయిష్‌లో బెలూన్లు కొట్టేవి ఆ రకమే. వాటిలో పెద్దవి కాక్ చేయడానికి మా ఆయనే పళ్ళు బిగించారు, పిల్లలకి వద్దు. లోపల స్ప్రింగ్ కొట్టుకున్నప్పుడు గన్ మొత్తం కుదుపుతుంది కాబట్టి తప్పు పిల్లదా గన్‌దా అని కూడా తెలియదు. చాలాసార్లు పంప్ కొట్టే రకం చవక, కానీ ఒక్కో షాట్‌కి అన్ని పంపులు కొట్టేసరికి పిల్లలకి ఓపిక అయిపోతుంది. 853కి ఒక్కసారి లివర్ లాగితే చాలు, ప్రతిసారీ అదే గాలి, అదే వేగం. ఆ లివర్ కూడా చిన్న పిల్లలకి గట్టిగానే ఉంటుంది, కోచ్ లాగి ఇస్తారు. క్రాస్‌మన్ ఛాలెంజర్ లాంటివి సిలిండర్‌లో ముందే గాలి నింపుకునేవి, పిల్లకి అన్నిటికన్నా సుఖం, బోల్ట్ కూడా ఏ చేతివాటానికైనా పనికొస్తుంది, మాలాంటి ఎడమ కన్ను కేసులకి మంచిది. ఖర్చు మాత్రం రైఫిల్‌తో ఆగదు. 2000 పీఎస్ఐ దాకా గాలి కావాలి, మన కారు టైరుకి కొట్టేది 35. దానికి వేరే పంపు గానీ ట్యాంకు గానీ కొనాలి.

రెడ్ రైడర్ అని డైసీ వాళ్ళదే పిల్లల బీబీ గన్ ఒకటి ఉంది, దాని గురించి చాలామంది అడిగారు. వంద డాలర్లలోపే వస్తుంది, తేలిక, చూడ్డానికి ముద్దుగా ఉంటుంది. పెరట్లో డబ్బాలు కొట్టడానికి సరే. అది స్టీలు బీబీలు, అంటే చిన్న గుండ్రటి గుళ్ళు కాలుస్తుంది, గొట్టం లోపల నునుపు, కాబట్టి 10 మీటర్ల గురి దాంతో నేర్చుకోలేరు. పైగా స్టీలు బీబీ గట్టి దేనికైనా తగిలితే వెనక్కి ఎగిరొస్తుంది. మా అత్తయ్యగారు తెనాలి నుంచి వాట్సాప్‌లో క్లిప్ చూడగానే మొదట అడిగింది "కళ్ళకి ఏం పెట్టుకుంటోందమ్మా?" అని. వాళ్ళ వీధిలో ఒకాయనకి చిన్నప్పుడు ఎయిర్ గన్ తగిలి కన్ను పోయిందట. మేం డబ్బు పెట్టి కొన్న మొదటి వస్తువు సేఫ్టీ గ్లాసులే అని చెప్పాక కాస్త కుదుటపడ్డారు. పెల్లెట్లు సీసంవి కాబట్టి కాల్చడం అయ్యాక సబ్బుతో చేతులు కడిగే దాకా జంతికల డబ్బా కారు దిగదు, అది నా రూల్.

చట్టం సంగతి రాష్ట్రానికి ఒకలా ఉంటుంది. మా పిన్ని కొడుకు ఎడిసన్‌లో ఉంటాడు, "నువ్వు కొనబోయేదే నేనూ ఆర్డర్ పెడతా అక్కా" అన్నాడు. న్యూజెర్సీలో ఎయిర్ గన్‌ని కూడా ఫైర్ ఆర్మ్ కిందే లెక్కేస్తారు, దానికని వేరే ఐడీ కార్డు తీసుకోవాలి, ఊరికే ఆర్డర్ పెట్టేస్తే కుదరదు. న్యూయార్క్ సిటీలో ఇంకా కష్టం. మిగతాచోట్ల కూడా పెరట్లో కాల్చొచ్చా లేదా అన్నది మీ సిటీ రూల్, ఆపైన హెచ్‌ఓఏ, అంటే మీ కాలనీ ఇళ్ళవాళ్ళ సంఘం రూల్. ఇండియాలో ఉన్నవాళ్ళకి, 4.5 మిల్లీమీటర్లు, 20 జౌల్స్ దాటకపోతే లైసెన్స్ అక్కర్లేదు, 2016 నిబంధనల్లో అలాగే ఉంది. హైదరాబాద్ వాళ్ళు గచ్చిబౌలి రేంజ్‌లో కనుక్కోండి.

ఇది మాత్రం మనవాళ్ళు జాగ్రత్తగా వినండి. 2014 నవంబరులో ఇదే ఒహాయోలో, క్లీవ్‌ల్యాండ్ పార్కులో బొమ్మలాంటి ఎయిర్‌సాఫ్ట్ పిస్టల్‌తో ఉన్న తమీర్ రైస్ అనే 12 ఏళ్ళ పిల్లాడిని అది అసలు గన్ అనుకుని పోలీసులు కాల్చేశారు. మా పాప వయసే. అందుకే మా ఇంట్లో ఏ గన్ వచ్చినా ముందు వాకిట్లోకి రాదు, కేసులో పెట్టి తాళం వేసే కారెక్కుతుంది, కేసు తెరిచేది రేంజ్‌లో, కోచ్ చెప్పాకే. గొట్టంలోంచి సీబీఐ (క్లియర్ బ్యారెల్ ఇండికేటర్) అని రంగు ప్లాస్టిక్ తీగ ఒకటి అటూ ఇటూ కనిపించేలా దూర్చి ఉంచుతారు, లోపల ఏమీ లేదని అందరికీ తెలియడానికి. అది లేకుండా రైఫిల్ ముట్టుకుంటే పాప ఆ రోజుకి ఇంటికి వచ్చేయాలి.

కాలేజీ అడ్మిషన్‌కి పనికొస్తుందా అని కూడా అడిగారు, అడగకపోతే మనం తెలుగువాళ్ళమే కాదు. ఇక్కడ కాలేజీల ఆటల పోటీలు నడిపే ఎన్‌సీఏఏలో రైఫిల్ ఉంది, అబ్బాయిలూ అమ్మాయిలూ కలిసే పోటీ పడతారు, ఒహాయో స్టేట్‌కి టీమ్ ఉంది. కాలేజీలు చాలా తక్కువ, సీట్లు ఇంకా తక్కువ, దాన్ని చూసుకుని దిగకండి.

ఇప్పటికి మేం కొన్నవి గ్లాసులు, పడుకోవడానికి మ్యాట్, ముందు చదునుగా ఉండే వాడ్‌కట్టర్ పెల్లెట్లు, పేపర్ మీద గుండ్రంగా తెగిపోయి స్కోరు లెక్కపెట్టడం తేలిక. సొంత రైఫిల్ కొనే సమయం కోచ్ చెప్పాలి. నాకు ఛాలెంజర్ నచ్చింది, పాపకి కూడా అదే. మా ఆయన 1300 ఎఫ్‌పీఎస్ ఫొటోలు పంపడం మానేసి హ్యాండ్ పంపుల రివ్యూలు చూస్తున్నారు, గాలి కొట్టే డ్యూటీ తనకే పడుతుందని ఆయనకి అర్థమైపోయింది.