వచ్చినవాళ్లని లోపలికి రమ్మన్న ఊరు

[దృశ్యం: రాత్రి. మంచు కురుస్తోంది. రాతి ఇల్లు, లోపల దీపం వెలుతురు. తలుపు తట్టిన చప్పుడు.]

1940–41 చలికాలం. ఫ్రాన్స్‌లో ఒక కొండ ఊళ్లో పాస్టరు గారి భార్య మాగ్దా ట్రోక్మే వంటింట్లో పొయ్యిలోకి కట్టెలు ఎగదోస్తున్నారు. ఎవరో తలుపు తట్టారు. తీసి చూస్తే గుమ్మంలో ఒకావిడ, ఒళ్లంతా మంచు, చలికి వణికిపోతోంది. జర్మనీ నుంచి పారిపోయి వచ్చిన యూదు స్త్రీ. లోపలికి రావచ్చా అని అడిగింది. “రండి, లోపలికి రండి” అన్నారు మాగ్దా.

ఆవిడ బూట్లు తడిసి ముద్దయ్యాయి. ఆరతాయని మాగ్దా వాటిని పొయ్యి ఓవెన్‌లో పెట్టి, ఆవిణ్ణి మంట దగ్గర కూర్చోబెట్టి, మేయరు దగ్గరికి పరుగెత్తారు. ఈమెకు కాగితాలు కావాలి కదా, ఊరి పెద్దగా ఆయనే ఇప్పిస్తాడని నమ్మకం. ఆయన కోప్పడ్డాడు. ఒక్క పరాయిదేశపు మనిషి కోసం ఊరందరినీ ప్రమాదంలో పడేస్తారా, వెంటనే పంపించెయ్యండి అన్నాడు. ఇంటికి తిరిగొచ్చేసరికి ఓవెన్‌లో బూట్లు నల్లగా మాడిపోయి ఉన్నాయి.

యుద్ధకాలం. బూట్లు దొరకడమే గగనం. ఎలాగో ఇంకో జత సంపాదించి, ఆవిణ్ణి మరో చోటుకు పంపించారు. అలా పంపించేయాల్సి వచ్చినందుకు మాగ్దా చాలా ఏళ్లు బాధపడ్డారు. ఆ రోజుతో ఆమెకు ఒకటి తెలిసొచ్చింది. ఇలాంటి పని అధికారుల చెవిన వేసి చేసేది కాదు, గుట్టుగా చేసేది. తర్వాత నాలుగేళ్లు ఆ ఊరు చేసింది అదే.

[దృశ్యం: మ్యాప్. లియోన్ నగరం నుంచి నైరుతి వైపు కొండల్లోకి కెమెరా వెళుతుంది.]

ఊరి పేరు ల షాంబో-స్యూర్-లిన్యో. లిన్యో అనేది ఊరి పక్కన పారే ఏరు. లియోన్ నుంచి కారులో సుమారు రెండు గంటలు. సముద్రమట్టానికి దాదాపు 1000 మీటర్ల ఎత్తున ఉన్న పీఠభూమి. పైన్ చెట్లు, నల్లరాతి ఇళ్లు, రాతి పలకల కప్పులు. చలికాలంలో ‘బ్యుర్ల్’ అని ఒక గాలి వీస్తుంది. ఉత్తరం నుంచి వచ్చి మంచును ఎగరగొట్టి దారులు మూసేస్తుంది. జనాభా ఇప్పటికీ 2,500 దాటదు. మన దగ్గర ఒక మోస్తరు పంచాయతీ అంత.

ఇంత చిన్న ఊరికి అంత తెగువ ఎలా వచ్చింది? మంచి పాస్టరు ఉన్నాడు కాబట్టి అంటారు చాలామంది. నాకు మాత్రం ఆ జవాబు సగమే అనిపిస్తుంది. మిగతా సగం కోసం ఇంకా వెనక్కి వెళ్లాలి.

[దృశ్యం: అడవిలో రాళ్ల మధ్య చేరిన జనం. పాత చిత్రాల శైలిలో.]

ఫ్రాన్స్ కేథలిక్ దేశం. ఈ పీఠభూమి జనం మాత్రం 16వ శతాబ్దంలోనే ప్రొటెస్టెంట్లు అయ్యారు. 1598లో రాజు నాలుగో హెన్రీ వాళ్లకు ఆరాధన స్వేచ్ఛ ఇస్తూ శాసనం చేశాడు. 1685లో పద్నాలుగో లూయీ దాన్ని రద్దు చేశాడు. ఇక చూడండి. ప్రార్థనా మందిరాలు కూల్చేశారు. దొరికిన పాస్టర్లను ఉరితీశారు. ప్రార్థనకు వెళ్లినందుకు మగవాళ్లను ఓడల్లో తెడ్లు వేసే బానిసలుగా పంపారు. జనం రాత్రిపూట అడవుల్లో, కొండ సందుల్లో చేరి ప్రార్థన చేసుకునేవాళ్లు. పారిపోతున్న పాస్టరును ఏ ఇంట్లో దాచాలి, సైనికులు వస్తే కబురు ఎలా పంపాలి, రహస్యం బయటపెట్టకుండా ఉండడం పిల్లలకు ఎలా నేర్పాలి, ఇవన్నీ ఇంటి విద్యలైపోయాయి. 1787 వరకు, అంటే వందేళ్లకు పైగా ఇదే బతుకు.

ఈ ప్రాంతపు మనిషే మరీ ద్యురాన్. 1730లో జైల్లో పెట్టారు. నా మతం వదులుకుంటానని ఒక్క మాట అంటే విడిచిపెట్టేవాళ్లు. అనలేదు. 38 ఏళ్లు ఎగ్‌మోర్త్ కోట బురుజులోనే ఉండిపోయింది. ఆ బురుజులో రాతి మీద చెక్కిన ఒక మాట ఇప్పటికీ కనిపిస్తుంది. “ఎదిరించు” అని దాని అర్థం. చెక్కింది ఆమే అని జనం నమ్మకం.

ఇంకో సంగతి కూడా ఉంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. 1890లనుంచి దగ్గర్లోని బొగ్గుగనుల పట్నం సేంతెతియెన్ నుంచి కార్మికుల పిల్లల్ని వేసవికి ఈ కొండమీదికి పంపేవారు. మంచి గాలి, పాలు, కడుపునిండా తిండి. రైతుల ఇళ్లలోనే ఉండేవాళ్లు. తర్వాత ఊళ్లో విడిది ఇళ్లు, చిన్న హోటళ్లు పెరిగాయి. అంటే పరాయి పిల్లలకు పక్క వేసి అన్నం పెట్టడం ఈ ఊరికి కొత్త కాదు. ఊళ్లో కొత్త ముఖాలు కనిపించినా ఎవరూ వింతగా చూడరు.

[దృశ్యం: ఊరి చర్చి. ద్వారం పైన చెక్కిన అక్షరాలపై కెమెరా ఆగుతుంది.]

1934లో ఆంద్రే ట్రోక్మే ఇక్కడికి పాస్టరుగా వచ్చారు. ఏ హింసా వద్దనే మనిషి. 1938లో తోటి పాస్టరు ఎడ్వార్ తెయిస్‌తో కలిసి ఒక స్కూలు పెట్టారు. అదే తర్వాత కొలెజ్ సెవెనోల్ అయింది. కొద్దిమంది పిల్లలతో మొదలై, యుద్ధం ముగిసే నాటికి వందల మందికి చేరింది.

1940 జూన్ 22న ఫ్రాన్స్ హిట్లర్‌తో ఒప్పందం మీద సంతకం పెట్టింది. మర్నాడు ఆదివారం. ఈ చర్చిలో పాస్టర్లిద్దరూ, మన అంతరాత్మ మీద జరిగే హింసను ఆత్మ ఆయుధాలతో ఎదిరించడం మన బాధ్యత అని చెప్పారు. ద్వారం పైన అప్పటికే చెక్కి ఉన్న మాట “ఒకరినొకరు ప్రేమించుకోండి”.

1942 జులైలో పారిస్‌లో వేలమంది యూదుల్ని కుటుంబాలతో సహా పట్టుకున్నారు. ఆగస్టు 10న, హిట్లర్‌తో చేతులు కలిపిన ఫ్రాన్స్ ప్రభుత్వంలో యువజన శాఖ ప్రధాన కార్యదర్శి లమిరాన్ ఈ ఊరికి వచ్చాడు. స్కూలు కుర్రాళ్లు ఆయన చేతిలో ఒక ఉత్తరం పెట్టారు. మా మధ్య యూదులు ఉన్నారు, మాకు తేడా లేదు, వాళ్లను పంపమంటే దాచిపెట్టడానికి చూస్తాం అని. చెప్పే చోట దాపరికం లేకుండా చెప్పారు, దాచే చోట కంటికి కనపడకుండా దాచారు. జాబితా ఇవ్వమని అధికారి అడిగితే, యూదు అంటే ఏమిటో మాకు తెలియదు, మాకు మనుషులే తెలుసు అన్నారట ట్రోక్మే.

కొద్దిరోజులకే పోలీసులు బస్సులతో దిగారు. ఇల్లిల్లూ గాలించారు. ముందే కబురు అందినవాళ్లు పొలాల్లోకి, అడవుల్లోకి వెళ్లిపోయారు. పోలీసులు వెళ్లిపోయాక ఊరివాళ్లు అడవి అంచుకు వెళ్లి పాట పాడేవారట. ఆ పాట వినపడితే బయటికి రావచ్చని గుర్తు.

[దృశ్యం: పల్లెటూరి తేనెపెట్టెలు. దగ్గరగా.]

ఇక్కడ ఒక కుర్రాడి గురించి చెప్పాలి. ఆస్కార్ రోసోవ్‌స్కీ, అప్పుడు 18–19 ఏళ్లు. డాక్టరు చదవాలనుకుంటే యూదు అని సీటు ఇవ్వలేదు. టైప్‌రైటర్ల రిపేరు నేర్చుకున్నాడు. ఈ ఊరి దగ్గర ఒక రైతు ఇంట్లో తలదాచుకుని, దొంగ గుర్తింపు కార్డులు తయారుచేసేవాడు. వాటిని ఆ రైతు తేనెపెట్టెల్లో దాచేవాడు. తేనెటీగలు కాపలా ఉన్న పెట్టెలో ఎవరు చెయ్యి పెడతారు? యుద్ధం అయ్యాక రోసోవ్‌స్కీ నిజంగానే డాక్టరయ్యాడు.

1943 ఫిబ్రవరిలో ట్రోక్మేను, తెయిస్‌ను, బడి హెడ్‌మాస్టరు రోజే దార్సిసాక్‌ను అరెస్టు చేశారు. పోలీసులు ట్రోక్మే ఇంటికి వచ్చే వేళకు భోజనాల టైమైంది. మాగ్దా వాళ్లకు కూడా వడ్డించారు. విషయం ఊరంతా పాకింది. ఒకరి తర్వాత ఒకరు వచ్చి తలా ఒకటి ఇచ్చి వెళ్లారు. సార్డీన్ చేపల డబ్బా, సబ్బు, కొవ్వొత్తి. కొవ్వొత్తికి అగ్గిపెట్టె లేకపోతే అరెస్టు చేయడానికి వచ్చిన పోలీసు అధికారే తన అగ్గిపెట్టె ఇచ్చాడు. కానుకల్లో టాయిలెట్ పేపర్ చుట్ట కూడా ఉంది. తర్వాత విప్పి చూస్తే దానిమీద ఎవరో పెన్సిల్‌తో ఓదార్పునిచ్చే బైబిల్ వాక్యాలు రాసి ఉన్నాయి. నెల తర్వాత ముగ్గుర్నీ వదిలేశారు.

అన్నీ ఇలా ముగియలేదు. 1943 జూన్ 29న నాజీ రహస్య పోలీసులైన గెస్టపో వాళ్లు ‘మెజోన్ దే రోష్’ అనే విద్యార్థుల ఇంటిమీద పడి 18 మందిని పట్టుకెళ్లారు. ఆ ఇల్లు చూసుకునేది ట్రోక్మే బంధువు దానియేల్ ట్రోక్మే. ఆ టైములో అతను వేరే చోట ఉన్నాడు, పారిపోవడానికి దారి ఉంది. పిల్లల్ని వదిలి పోలేక తనే వెళ్లి దొరికిపోయాడు. 1944 ఏప్రిల్‌లో మైదానెక్ నాజీ శిబిరంలో చనిపోయాడు. ఊరి డాక్టరు రోజే ల ఫొరెస్టియేను 1944 ఆగస్టులో కాల్చి చంపారు.

[దృశ్యం: పీఠభూమి మీద చెదురుమదురుగా పల్లెలు.]

ఎంతమందిని కాపాడారు? 5,000 అని చాలాచోట్ల కనిపిస్తుంది. చరిత్రకారులు అంతకన్నా తక్కువే అంటారు. దాచేవాళ్లు లెక్కలు రాసుకుంటారా మరి? ఇంకో మాట. ఈ పని ఒక్క ల షాంబో చెయ్యలేదు. తాంస్, మజే, ఫే లాంటి చుట్టుపక్కల పల్లెలు, కేథలిక్ కుటుంబాలు, స్విస్ సహాయ సంస్థలు, శాంతివాద క్రైస్తవులైన అమెరికన్ క్వేకర్లు, అందరి చెయ్యీ ఉంది. పేరు మాత్రం ఒక ఊరికే వచ్చింది. ఆ పేర్లు కూడా చెప్పకపోతే అన్యాయం.

పిల్లలకు ఆశ్రయమిచ్చిన ఇళ్లలో ఒకటైన ‘లా గెస్పీ’లో పెరిగిన ఒక పిల్లవాడు అలెగ్జాండర్ గ్రోతెన్‌డీక్. లెక్కలు చదివేవాళ్లకు ఈ పేరు చెప్పక్కర్లేదు. 1966లో, గణితంలో అతిపెద్ద గౌరవాల్లో ఒకటైన ఫీల్డ్స్ మెడల్ వచ్చింది.

[దృశ్యం: నేటి ఊరు. ఎండాకాలం. పాత చిన్న రైలు పొగ వదులుతూ వెళుతోంది.]

ఇప్పుడు ఊరు ఎలా ఉంది? వేసవిలో కళకళలాడుతుంది. అప్పట్లో శరణార్థులు దిగిన నారోగేజి లైను మీద ఇప్పుడు టూరిస్టు రైలు నడుస్తోంది. జనం అడవిలో బ్లూబెర్రీ లాంటి మిర్తీ పళ్లు, పుట్టగొడుగులు ఏరుకుంటారు. సెలవుల ఇళ్లు మళ్లీ తెరుచుకుంటాయి. చలికాలం వస్తే మళ్లీ బ్యుర్ల్, మళ్లీ నిశ్శబ్దం. కొలెజ్ సెవెనోల్ 2014లో మూతపడింది. అంతమందిని దాచిన బడి అలా మూతపడడం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

2013లో చర్చి ఎదురుగా పాత బడి కట్టడంలో స్మారక మ్యూజియం తెరిచారు. ఇక్కడ ఆశ్రయం పొందినవాళ్లు 1979లో పెట్టించిన కృతజ్ఞతా ఫలకం కూడా చర్చి ఎదుటే ఉంది. నాజీలు చంపిన యూదుల స్మారకంగా ఇజ్రాయెల్‌లో ఉన్న యాద్ వషేమ్ సంస్థ విడివిడిగా మనుషుల్నే కాక ఊరు మొత్తాన్ని గౌరవించింది. అలా గౌరవం పొందిన ఊళ్లు రెండే. రెండోది నెదర్లాండ్స్‌లోని నీవ్‌లాండె.

మ్యూజియం కన్నా నన్ను ఎక్కువ కదిలించేది ఇంకోటి. మన కాలంలో కూడా యుద్ధాల నుంచి పారిపోయి వచ్చినవాళ్లకు ఈ ఊళ్లో వసతి కేంద్రం నడిపారు. వాళ్ల పిల్లలు ఈ ఊరి బడిలోనే చదువుకున్నారు.

[దృశ్యం: పాత ఫోటో శైలిలో ఒక బాలుడు, చేతిలో పుస్తకాలు.]

ఎరిక్ ష్వామ్ అని వియన్నా పిల్లవాడు. దక్షిణ ఫ్రాన్స్‌లోని రివ్‌జాల్ట్ నిర్బంధ శిబిరం నుంచి బయటపడి 1943లో తల్లిదండ్రులతో ఇక్కడికి చేరాడు. ఇక్కడి స్కూల్లోనే చదివాడు. తర్వాత లియోన్‌లో ఫార్మసిస్టుగా బతికాడు. 2020 డిసెంబరులో 90 ఏళ్ల వయసులో చనిపోయాడు. వీలునామా తెరిస్తే, తన ఆస్తి, సుమారు 20 లక్షల యూరోలు, ల షాంబో ఊరికి రాసి ఉంది. ఆ డబ్బు ఊళ్లో పిల్లల చదువులకు ఖర్చుపెట్టమని కోరాడు.