అటక ఎక్కించకముందే ఇచ్చేద్దాం

అందరికీ నమస్కారం.

ఇంట్లో వాడకుండా పడి ఉన్న వస్తువులను చుట్టుపక్కల వాళ్లకు ఇవ్వడం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. ఇవ్వడం మంచి పనేనని ఇక్కడున్న అందరికీ తెలుసు. అందుకే ఆ సంగతి వదిలేసి, ఎప్పుడు ఇవ్వాలి, ఎలా ఇవ్వాలి అన్న దాని గురించే మాట్లాడతాను. ఇచ్చే మనసు మనకు లేక కాదు, చాలా ఆలస్యంగా ఇస్తున్నాం. అక్కడే అంతా చెడుతోంది.

వాడటం మానేసిన రోజున వస్తువు బాగానే ఉంటుంది. ఎప్పటికైనా పనికొస్తుందిలే అని అటక మీదకు ఎక్కిస్తాం. కొన్ని డబ్బు పోసి కొన్నవి కాబట్టి మనసొప్పదు. కొన్ని ఎవరో ప్రేమగా ఇచ్చినవి, తీసేస్తే వాళ్లేమనుకుంటారో అని టెన్షన్. ఏళ్లు గడుస్తాయి. ఇల్లు మారేటప్పుడో, సున్నాలు వేయించేటప్పుడో కిందికి దించి, "ఎవరికైనా ఇచ్చేద్దాం" అంటాం. అప్పటికి అది ఎవరికీ పనికిరాదు.

దాచిన వస్తువు దాచినట్టే ఉంటుందని మనం నమ్ముతాం. ఉండదు. భద్రంగా డబ్బాలో పెట్టిన స్పోర్ట్స్ బూట్లు కొన్నేళ్ల తర్వాత తీసి చూడండి. చాలా బూట్ల అడుగుభాగంలో పాలియురేథేన్ అనే నురుగు పదార్థం ఉంటుంది. గాలిలోని తేమ తగిలి అది లోలోపలే విరిగిపోతూ ఉంటుంది, మనం తొడిగినా తొడగకపోయినా. పైన చూస్తే బూటు కొత్తదే. వేసుకుని నాలుగడుగులు వేస్తే చాలు, అడుగుభాగం పొడిపొడిగా రాలిపోతుంది. అదే బూట్లు సైజు చాలకుండా పోయిన నెలలోనే ఇచ్చి ఉంటే ఇంకో పిల్లవాడు హాయిగా అరిగేదాకా తొడిగేవాడు. కుక్కర్ గాస్కెట్ గట్టిపడిపోతుంది. ఎలాస్టిక్ పట్టు పోతుంది. బొమ్మలో మరిచిపోయిన సెల్స్ కారి లోపలి రేకులను తినేస్తాయి. ఛార్జింగ్ పూర్తిగా దిగిపోయిన ల్యాప్‌టాప్‌ను నెలల తరబడి పక్కన పెడితే బ్యాటరీ మళ్లీ లేవకపోవచ్చు. పసిపిల్లల బట్టలు పాడవకపోవచ్చు, కానీ వాటితో అవసరం ఉన్న పక్కింటి పాప ఈలోపు పెరిగిపోతుంది.

ఎలక్ట్రానిక్ వస్తువుల విషయంలో ఈ ఆలస్యం ఖరీదు ఇంకా ఎక్కువ. ఐక్యరాజ్యసమితి సంస్థల నివేదిక ప్రకారం 2022లో ప్రపంచం మొత్తం మీద 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ చెత్త పోగైంది. అందులో పద్ధతిగా సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్క ఉన్నది 22.3 శాతమే. పైగా రీసైకిల్ చేయడమంటే వస్తువును పగలగొట్టి లోహాన్ని రాబట్టుకోవడం. పనిచేసే ఫోన్ ఇంకొకరి చేతిలో మరో మూడేళ్లు పనిచేయడం దానికంటే ఎంతో మేలు, ఎందుకంటే స్మార్ట్‌ఫోన్ వల్ల కలిగే కాలుష్యంలో ఎక్కువ భాగం దాన్ని తయారు చేసేటప్పుడే జరిగిపోతుంది.

ఇది కొత్త ఆలోచనేమీ కాదు. 2003 మేలో అమెరికాలోని టూసాన్ నగరంలో డెరాన్ బీల్ అనే ఆయన కొందరు స్నేహితులకు, స్వచ్ఛంద సంస్థలకు ఒక ఈమెయిల్ పంపి, వాడని వస్తువులను ఇచ్చిపుచ్చుకునే ఫ్రీసైకిల్ అనే బృందాన్ని మొదలుపెట్టారు. అక్కడ ఏది ఇచ్చినా ఉచితంగానే ఇవ్వాలి. 2013లో వాషింగ్టన్ రాష్ట్రంలోని బెయిన్‌బ్రిడ్జ్ దీవిలో ఇద్దరు స్నేహితురాళ్లు ఇలాంటిదే బై నథింగ్ ప్రాజెక్ట్ (అంటే 'ఏమీ కొనొద్దు') ప్రారంభించారు. ఇరుగుపొరుగు వాళ్లు తమలో తామే ఇచ్చిపుచ్చుకోవడంలోనే దాని బలమంతా ఉంది. 2015లో ఇరాన్‌లోని మష్‌హద్ నగరంలో ఒక గోడకు కొక్కేలు కొట్టి, అవసరం లేకపోతే వదిలి వెళ్లండి, అవసరమైతే తీసుకోండి అని రాశారు. చలికి వణికేవాడు ఎవరినీ అడగకుండానే కోటు తీసుకోవచ్చు. ఆ ఆలోచనంటే నాకు ఎంతో గౌరవం. కానీ గోడ బట్టలకు సరిపోతుంది, మిక్సీకి సరిపోదు. మిక్సీ సంగతి చెప్పడానికి మనిషి కావాలి.

ఆ చెప్పడం దగ్గరే మనం తొందరపడతాం. "పాత మిక్సీ ఉంది, కావాలంటే తీసుకెళ్లండి" అని రాస్తే ఎవరికి ఏం అర్థమవుతుంది? ఇలా రాయండి: "మిక్సీ. మోటారు బాగుంది, నిన్ననే తిప్పి చూశాను. పెద్ద జార్ అడుగున కొద్దిగా లీకవుతోంది, చిన్న జార్ బాగుంది. మూత ఒక్కటే ఉంది. ఆదివారంలోపు వచ్చి తీసుకెళ్లాలి." లీకు సంగతి దాచలేదు కాబట్టి తీసుకునేవాళ్లు వాషర్ తెచ్చుకుని మరీ వస్తారు. ఫొటో కూడా ఆ లీకయ్యే చోటుదే పెట్టండి.

కొన్ని వస్తువులను మాత్రం ఎంత మనసున్నా ఇవ్వకూడదు. ఒకసారి గట్టిగా దెబ్బ తగిలిన హెల్మెట్‌కు బయట గీత కూడా కనపడకపోవచ్చు, కానీ లోపలి నురుగు నలిగిపోయి ఉంటుంది. రెండోసారి అది తలను కాపాడలేదు. గట్టి ప్రమాదానికి గురైన కారు నుంచి తీసిన పిల్లల సీటూ అంతే. ఉబ్బిన బ్యాటరీలు, నల్లులు పట్టిన పరుపు, మిగిలిపోయిన మందులు కూడా ఎవరికీ ఇవ్వకండి. మంచం విప్పి ఇస్తే స్క్రూలు, బోల్టులు చిన్న కవర్లో వేసి కోడుకే టేపుతో అంటించండి. అవి లేకపోతే అది మంచం కాదు, కర్రల కట్ట.

ఫోన్, కంప్యూటర్ ఇచ్చేముందు కావాల్సినవి దాచుకుని, మీ ఖాతాల నుంచి బయటకు వచ్చి, సిమ్, మెమరీ కార్డు తీసి, ఆ తర్వాతే ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. ఖాతా తీయకుండా రీసెట్ చేస్తే చాలా ఫోన్లు మళ్లీ పాత పాస్‌వర్డే అడుగుతాయి. తీసుకున్నవాళ్లు రాత్రి పదింటికి మీకు ఫోన్ చేయాల్సి వస్తుంది.

తీసుకున్నవాళ్లు దాన్ని అమ్ముకుంటే ఏం చేయాలని చాలామంది అడుగుతారు. నా మట్టుకు, ఇచ్చాక అది వాళ్లది. ఎందుకు కావాలి, మీ సంపాదన ఎంత అని ఆరా తీయడం నాకు నచ్చదు. వస్తువు కోసం వచ్చిన మనిషిని గుమ్మం బయట నిలబెట్టి సంజాయిషీ అడిగితే, ఆ మనిషి ఇంకెప్పుడూ రాడు. చూశాక "వద్దండీ, మాకు సరిపోదు" అనే హక్కు కూడా ఆయనకు ఉండాలి. ఉచితమే కదా అని అంటగట్టకండి.

చివరిగా, అడగడం. నా ఉద్దేశంలో ఇలాంటి ఇచ్చిపుచ్చుకునే బృందాలు ఎక్కువగా చల్లబడేది ఇచ్చేవాళ్లు లేక కాదు, అడగడానికి అందరూ మొహమాటపడటం వల్ల. డ్రిల్లింగ్ మెషిన్ ఒక గంట పనికి కావాలి. చేతికర్ర రెండు నెలలు కావాలి. ఆ రెండూ ఇదే వీధిలో ఎవరి ఇంట్లోనో ఉంటాయి, కానీ అవి కావాలని ఎవరూ పైకి అనరు, వెళ్లి కొనుక్కుంటారు. ఈ సమావేశం అయ్యాక తలుపు దగ్గర ఒక నోటుపుస్తకం పెడుతున్నాం. ఎడమ పేజీలో ఇవ్వాలనుకున్నవి, కుడి పేజీలో కావాల్సినవి రాయాలి. దయచేసి అందరూ ముందుగా కుడి పేజీలో రాయండి.