ఎండు కట్టె మీది ఎర్ర పుట్టగొడుగు: 10 రెట్ల లెన్స్, క్లిప్ లెన్స్, ఫొటో యాప్‌ల రివ్యూ

అందరికీ నమస్తే. మహారాష్ట్రలోని సిరొంచ, అహేరి వైపు ఉండేవాళ్లకి ఈ ఎర్ర పుట్టగొడుగుని పరిచయం చేయక్కర్లేదు. కంచె గుంజల మీద, పడిపోయిన మామిడి కొమ్మల మీద, నల్లమద్ది మొద్దుల మీద సింధూరం పూసినట్టు కనిపిస్తుంది. కాడ ఉండదు, పక్కగా కట్టెకే అంటుకుని ఉంటుంది. వంటచెరకు కుప్పలో వెతికినా దొరుకుతుంది.

ఈ రోజు రివ్యూ చేస్తున్నది నా చేతిలోని ఈ మడత లెన్స్‌ని. 10 రెట్లు పెద్దగా చూపిస్తుంది. బంగారు షాపుల్లో రాళ్లు చూడ్డానికి వాడేది ఇదే. కట్టె మీది పుట్టగొడుగుని గుర్తుపట్టాలంటే ఇది కావాలా, ఫోన్‌కి తగిలించే క్లిప్ లెన్స్ చాలా, పేరు చెప్పే ఫొటో యాప్ ఉంటే సరిపోతుందా? మూడింటికీ ఈ ఎర్రదే పరీక్ష.

ముందు దీని పేరు చెప్పేస్తాను. పిక్నోపోరస్ సాంగ్వినియస్. ట్రామిటీస్ సాంగ్వినియా అని కూడా రాస్తారు, రెండూ ఒకటే, కంగారు పడకండి. వేడి ప్రాంతాల్లో, చచ్చిన వెడల్పాకు చెట్ల కట్టె మీద, అదీ ఎండ బాగా తగిలే చోట పెరుగుతుంది. అందుకే దట్టమైన నీడలో కంటే పొలం గట్టు మీద, అడవిలో చెట్లు కొట్టేసిన కూపులో ఎక్కువగా కనబడుతుంది. ఈ ఎరుపు సిన్నబారిన్ అనే రంగు పదార్థం వల్ల వస్తుంది.

రంగు చూసి పేరు చెప్పేయొచ్చు కదా అనిపిస్తుంది. తాజాగా ఉన్నప్పుడు సరే. ఒక ఎండాకాలం గడిచాక ఇదే పుట్టగొడుగు వెలిసిపోయి, లేత నారింజలోకి, ఒక్కోసారి బూడిద తెలుపులోకి వచ్చేస్తుంది. అప్పుడు పైనుంచి చూస్తే వేరే జాతిలా ఉంటుంది. అసలు విషయమంతా కింది వైపు ఉంది. తిప్పి చూడకుండా పేరు చెప్పొద్దు. ఈ వీడియోలో నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే.

ఇదిగో, తిప్పుతున్నాను. మామూలు కంటికి కింది వైపు నున్నగా, ఎర్రగా ఉంది, అంతే. ఇప్పుడు లెన్స్. చాలామంది దీన్ని దూరంగా పట్టుకుని చూస్తారు, అలా ఏమీ కనబడదు. లెన్స్‌ని కంటికి ఆనించినంత దగ్గరగా పెట్టి, వస్తువుని మెల్లగా లెన్స్ దగ్గరికి తేవాలి. 10 రెట్ల లెన్స్‌కి దాదాపు రెండున్నర సెంటీమీటర్ల దూరంలో స్పష్టంగా కనిపిస్తుంది. వెలుతురు పక్కనుంచి పడాలి. ఇప్పుడు చూడండి, నున్నగా అనిపించిన చోటంతా గుండ్రటి సన్న రంధ్రాలు! పక్కన పారదర్శకంగా ఉండే స్కేలు పెట్టి లెక్కేస్తే మిల్లీమీటరుకి 5, 6 వస్తాయి. విత్తనాల్లాంటి బీజాలు రాలేది ఈ రంధ్రాల నుంచే.

ఈ రంధ్రాలు చూశాక పోలికలు వాటంతటవే విడిపోతాయి. కింద రంధ్రాలే లేకుండా లెన్స్‌లో కూడా చదునుగా ఉంటే అది స్టీరియం జాతి, పైన మాత్రం రంగుల పట్టీలతో మోసం చేస్తుంది. పట్టీలు ఉండి, కింద తెల్లగా, మిల్లీమీటరుకి మూడు నుంచి ఐదు రంధ్రాలు ఉంటే ట్రామిటీస్ వర్సికలర్ వైపు ఆలోచించాలి. ఇంగ్లిష్‌లో టర్కీ టెయిల్ అంటారు. పైన తెల్లటి నూగు, కింద మధ్యలో నిలువునా చీలిన రెక్కలు కనిపిస్తే స్కిజోఫిలమ్ కమ్యూన్. మణిపూర్‌లో దాన్ని వండుకుని తింటారు. ఇక మందంగా, పైన వార్నిష్ కొట్టినట్టు మెరుస్తూ, చుట్టూ గోధుమరంగు పొడి రాలి ఉంటే గానోడెర్మా. అది చెట్టు మొదట్లో ఎక్కువగా వస్తుంది. మన ఎర్రది పలుచన, తోలులా వంగుతుంది, విరిచి చూస్తే లోపలి కండ కూడా ఎరుపే. వెలిసిపోయిన ముక్క విషయంలో ఆఖరి సాక్ష్యం ఆ లోపలి రంగే.

కింద ఉన్న కట్టెని కూడా చూడండి. మన ఎర్రది లిగ్నిన్‌ని, అంటే కట్టెకి గట్టిదనం ఇచ్చే పదార్థాన్ని, విడగొట్టే రకం, వైట్ రాట్ అంటారు. కట్టె తెల్లబారి, తేలికై, నారలుగా ఊడొస్తుంది. కట్టె గోధుమరంగుకి తిరిగి చతురస్రాల్లా పగిలి ఉంటే అది వేరే బాపతు శిలీంధ్రం పని.

క్లిప్ లెన్స్ గురించి ఎక్కువ చెప్పను. ఫొటో దాచుకోవడానికి బాగుంది, నలుగురికీ చూపించొచ్చు. కానీ అంచుల్లో మసక, చెయ్యి కొంచెం కదిలితే ఫోకస్ పోతుంది. చూడ్డానికి లెన్స్, చూపించడానికి క్లిప్.

యాప్ సంగతి వేరు. పైనుంచి తీసిన ఒక్క ఫొటో ఇస్తే, పట్టీలున్న ప్రతిదాన్నీ టర్కీ టెయిల్ అనేస్తుంది. నాకు నిజంగా భయం వేసేది ఇక్కడే. ఎందుకంటే ఆ పేరు నెట్‌లో వెతికితే క్యాన్సర్ మందు అని వస్తుంది. దాని నుంచి తీసిన పీఎస్‌కే అనే పదార్థానికి జపాన్‌లో 1977లో అనుమతి ఇచ్చిన మాట నిజమే. అది శుద్ధిచేసి, వేరే చికిత్సలతో కలిపి డాక్టర్లు ఇచ్చిన మందు. మన కట్టెల కుప్పలో దొరికిందాన్ని కషాయం కాచుకోవడానికీ దానికీ సంబంధం లేదు. ఇంట్లో పెద్దవాళ్లకి జబ్బు ఉంటే దయచేసి ఇలాంటి ప్రయోగాలు చేయకండి, వాళ్ల డాక్టర్‌ని అడగండి.

యాప్ వాడొద్దని కాదు. పైభాగం, స్కేలు పెట్టి కిందిభాగం, కట్టెకి అంటుకున్న చోటు, ఈ మూడు ఫొటోలూ ఇవ్వండి. అప్పుడు కూడా అది చెప్పిన పేరుని లెన్స్‌తో సరిచూసుకోండి. ఏ చెట్టు కట్టో తెలిస్తే రాసిపెట్టండి, ఇప్ప అని రాసినా, అదే చెట్టుని మరాఠీలో పిలిచినట్టు మోహ అని రాసినా ఫర్వాలేదు.

కొనేటప్పుడు ఒక జాగ్రత్త. 30 రెట్లు, 40 రెట్లు అని ముద్రేసినవి చూసి ఆశపడకండి. నిజంగా 30 రెట్లు అయితే వస్తువు లెన్స్‌కి 8 మిల్లీమీటర్ల దూరంలోకి రావాలి, అంత దగ్గరలో వెలుతురే పడదు. 10 రెట్లు చాలు. ట్రిప్లెట్ అని రాసి ఉన్నది తీసుకోండి, అందులో మూడు గాజులు కలిపి ఉంటాయి, అంచుల్లో రంగులు చిమ్మవు. మెడలో వేసుకోవడానికి తాడు కట్టుకోండి, ఎండుటాకుల్లో పడితే మళ్లీ దొరకడం కష్టం.