సినిమా అయిపోగానే అడగకూడని ప్రశ్న

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలందరినీ పేరుపేరునా సంబోధించడం మర్యాదే. కానీ ముందు వరుసల్లో పిల్లలు కూర్చుని ఉన్నారు కనుక నేరుగా విషయానికే వస్తాను.

తల్లిదండ్రులూ పిల్లలూ కలిసి చూసి, చూశాక మాట్లాడుకోదగ్గ సినిమాలేవో చెప్పమని నన్ను పిలిచారు. జాబితా రాసుకునే వచ్చాను. అయితే అంతకంటే ముందు చెప్పి తీరవలసిన మాట ఒకటి ఉంది. పిల్లల సినిమా ప్రదర్శన ముగిసిన ప్రతిసారీ హాలులో నాకు వినిపించే ప్రశ్న, "ఈ సినిమా చూసి ఏం నేర్చుకున్నావు?" అన్నది. ఆ మాట చెవిన పడగానే, అప్పటిదాకా తెరలో లీనమై ఉన్న పిల్లవాడు పాఠం అప్పజెప్పడానికి సిద్ధమైపోతాడు. అబద్ధమాడకూడదనో, పెద్దల మాట వినాలనో మనం కోరుకున్న జవాబే చెప్పి తప్పించుకుంటాడు. తాను నిజంగా అడగాలనుకున్నది మాత్రం లోపలే ఉండిపోతుంది.

ఇరాన్ దర్శకుడు మజీద్ మజీదీ 1997లో తీసిన 'చిల్డ్రన్ ఆఫ్ హెవెన్' ప్రదర్శించిన రోజు సంగతి చెబుతాను. బాగు చేయించి తెస్తున్న చెల్లెలి బూట్లను ఆలీ దారిలో పోగొట్టుకుంటాడు. కొత్తవి కొనే స్థితి ఇంట్లో లేదు. తండ్రి అదే గదిలో ఉండగా, అన్నాచెల్లెళ్లిద్దరూ చదువుకుంటున్నట్టు కనిపిస్తూ, నోటుపుస్తకంలో రాసి ఒకరికొకరు చూపించుకుంటూ రహస్యంగా మాట్లాడుకుంటారు. ఆనాటి నుంచి ఒకే జత బూట్లను పూట మార్చి పూట ఇద్దరూ వేసుకుని బడికి పరుగెడతారు. మూడో బహుమతిగా బూట్లు ఇస్తారని తెలిసి పరుగుపందెంలో చేరిన ఆలీ, మొదటివాడిగా వచ్చి కన్నీళ్లు పెట్టుకుంటాడు.

సినిమా ముగిశాక ఒక తండ్రి తన కూతురిని ఆ అలవాటు ప్రశ్నే అడిగారు. ఆ అమ్మాయి దానికి జవాబు చెప్పకుండా, "వాళ్ల నాన్నతో ఎందుకు చెప్పలేదు?" అని ఎదురు అడిగింది. "ఆయన దగ్గర డబ్బు లేదు కదమ్మా" అన్నారాయన. "అందుకొక్కదానికే కాదు నాన్నా, తిడతాడని కూడా" అంది. లేవబోయిన ఆ తండ్రి మళ్లీ కుర్చీలో కూర్చున్నారు. మిగిలినవాళ్లంతా వెళ్లిపోయినా వాళ్లిద్దరూ అక్కడే ఉన్నారు. ఏం మాట్లాడుకున్నారో నేను వినలేదు, వినవలసిన అవసరమూ నాకు లేదు. తెర మీది తండ్రి బూట్లు కొని సైకిలు మీద తెస్తున్న సంగతి ప్రేక్షకులకు తెలుస్తుంది గానీ, పందెం గెలిచి దిగులుగా ఇంటికి చేరిన ఆలీకి తెలియదు. పిల్లలు మన దగ్గర దాచినట్టే, మనమూ వాళ్లకు చెప్పకుండా ఎంత మిగిల్చుకుంటున్నామో దయచేసి ఆలోచించండి.

ఇక జాబితాలో ఒక్క సినిమా గురించి మాత్రం వివరంగా చెబుతాను. పీట్ డాక్టర్ దర్శకత్వంలో 2015లో వచ్చిన 'ఇన్‌సైడ్ అవుట్'లో, రైలీ అనే అమ్మాయి మనసులోని భావాలే పాత్రలుగా తిరుగుతాయి. అక్కడ, ఆమె చిన్ననాటి ఊహల్లోని నేస్తం బింగ్ బాంగ్ తన బండి పోయిందని కుప్పకూలిపోయినప్పుడు, ఆనందం అనే పాత్ర అతణ్ని నవ్వించాలని ఎంత ప్రయత్నించినా ఫలితం ఉండదు. దుఃఖం అనే పాత్ర వచ్చి పక్కన కూర్చుని, అతని బాధను కాదనకుండా వింటుంది. అతను కాసేపు ఏడ్చి లేచి నిలబడతాడు. చివరికి పదకొండేళ్ల రైలీ పాత ఊరి మీద బెంగగా ఉందని చెప్పినప్పుడు, అమ్మానాన్నలు ఆమెకు ధైర్యవచనాలు చెప్పరు, తమకూ ఆ బెంగ ఉందని ఒప్పుకుంటారు. తల్లిదండ్రులు ఈ రెండు సన్నివేశాలను పిల్లలతో కలిసి ఇంకొకసారి చూడాలని నా మనవి.

భయంతో కొడుకును ఒంటరిగా ఎక్కడికీ వదలని తండ్రి చేప కథ 'ఫైండింగ్ నీమో' (2003) చూశాక, నన్ను ఒంటరిగా ఎందుకు పంపవని మీ పిల్లలు అడిగితే, మీ భయమేమిటో దాచకుండా చెప్పండి. 'బాంబీ' (1942)లో జింకపిల్ల తల్లి చనిపోవడం చూసి మీ పిల్లలు మౌనంగా ఉండిపోతే, తొందరపెట్టకండి. వారం తరువాత, అన్నం తింటూనో నిద్రపోయే ముందో వాళ్లే అడుగుతారు. అప్పుడు చేతిలో ఫోను లేకుండా ఉంటే చాలు.

నిర్వాహకులకు ఒక విన్నపం. ప్రశ్నోత్తరాలకు కేటాయించిన సమయమంతా పిల్లలకే ఇవ్వండి. తల్లిదండ్రులు ఎవరూ వాళ్లకు ప్రశ్నలు అందించవద్దు. చాలాసేపటి నుంచి మూడో వరుసలో ఒక బాబు చేయెత్తి ఉన్నాడు. మైకు ముందుగా అతనికి ఇవ్వండి.